ఓడిపోయే హక్కు: 1936 ఇంగ్లండు పర్యటన మనకు చెప్పేదేమిటి?

1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టు కథను మనవాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆట రాని రాజకుమారుడొకాయన కెప్టెన్ అయ్యాడట. ముప్పయ్యారు పెట్టెల సామానుతో, ఇద్దరు నౌకర్లతో ఓడెక్కాడట. జట్టులో మంచి ఊపు మీదున్న ఆటగాణ్ణి మొదటి టెస్టు కూడా ఆడనియ్యకుండా ఇంటికి పంపించాడట. తీరా మూడు టెస్టుల్లో రెండు ఓడి వచ్చారట. నవ్వుకోవలసిన కథే. కానీ నవ్వు దగ్గరే ఆగిపోతే అసలు సంగతి చేజారుతుంది. ఆ కెప్టెన్ విజయనగరం గజపతుల బిడ్డ. ఆయన ఓర్వలేకపోయిన పెద్ద ఆటగాడు సి.కె.నాయుడు, నాగపూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంవాడు. ఆ కొట్లాటలో పావులైనవాళ్లలోనూ, పావులం కాబోమని తిరగబడ్డవాళ్లలోనూ ముస్లింలున్నారు. అంటే ఇది మన ఇంటి కథే. ఆ ఇంట్లో ముస్లిం వాటా ఎంతో చెప్పే కథ కూడా.

మేముండేది సిరిసిల్లలో. మానేరు ఒడ్డున మరమగ్గాల ఊరు. పొద్దున లేస్తే సాంచాల చప్పుడు. ఇక్కడ పద్మశాలీల పిల్లలూ, ముస్లింల పిల్లలూ ఒకే జాగాలో ఒకే బ్యాటుతో ఆడుకుంటారు. మామూలు రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్నను ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ ఉన్ననాడు చాయ్ హోటల్లో అడుగుతారు: "మీరు ఎవరి దిక్కు భాయ్?" అడిగేవాడికి అది మజాక్. వినేవాడికి అది పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవడం లాంటిది. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసేనాటికే క్రికెట్ మ్యాచ్ మన దేశభక్తిని తూచే తరాజుగా మారిపోయి ఉంది. ఆ తరాజు ఎప్పుడు తయారైంది? అందులో ఎవరిని తూచుతారు, ఎవరిని తూచకుండా వదిలేస్తారు? ఈ ప్రశ్నలు పట్టుకుని 1936 దాకా వెనక్కి నడవాలి.

ముందుగా ఒక మాట. ఆ పాతకాలం బంగారు కాలమని మేము అనడం లేదు. ఈ దేశంలో క్రికెట్ పెరిగిందే మతాల గోడల మధ్య. బొంబాయిలో జరిగే పెద్ద పోటీలో యూరోపియన్లు ఒక జట్టు, పార్సీలు ఒక జట్టు, హిందువులు ఒక జట్టు. 1912లో ముస్లింల జట్టు చేరడంతో నాలుగైనాయి. 1937లో మిగిలినవాళ్లంతా కలిసి 'రెస్ట్' పేరుతో రావడంతో ఐదైనాయి. హిందువుల జట్టు లోపల కులం గోడ ఇంకొకటి. పల్వంకర్ బాలూ అనే దళితుడు ఆ కాలపు గొప్ప స్పిన్నర్లలో ఒకడై ఉండి కూడా ఆ జట్టు కెప్టెన్సీకి నోచుకోలేదు. 1940 డిసెంబరులో గాంధీజీ ఈ మతాల పోటీని తప్పుపట్టారు. 1945-46 సీజన్‌తో అది ఆగిపోయింది.

ఇది ఒక గోడ. రెండో గోడ సంస్థానాలది. ఆటను నమ్ముకున్నవాడికి కూడు పెట్టేది అప్పట్లో రాజులే. సి.కె.నాయుడు హోల్కర్ సైన్యంలో అధికారి. ముష్తాక్ అలీ అదే ఇండోర్‌లో పుట్టి సి.కె. చేతికింద ఎదిగిన కుర్రాడు. లాలా అమర్‌నాథ్ బీదింట పుట్టి, లాహోర్‌లో ఒక ముస్లిం కుటుంబం చేరదీస్తే క్రికెట్ నేర్చుకున్నవాడు. మా నిజాం రాజ్యంలోనూ ఇదే తీరు. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్పు కోసం రాజుల జట్లు సికింద్రాబాద్ వచ్చి ఆడేవి. ఆటగాళ్లు ఒక దర్బారు నుంచి ఇంకో దర్బారుకు మారుతుండేవాళ్లు.

ఉర్దూలో 'నమక్ హలాల్' అంటాం. తెలుగులో 'ఉప్పు తిన్న విశ్వాసం' అంటాం. భాషలు వేరైనా ఉప్పు ఒక్కటే. ఆ కాలపు క్రికెట్‌లో వఫాదారీ అంటే ఈ ఉప్పే. బొంబాయి పోటీలో నీ మతం నీ జట్టు పేరు. దేశం జట్టులోకి వచ్చేసరికి అడిగే ప్రశ్న మారుతుంది: నువ్వు ఏ రాజు మనిషివి?

విజ్జీ అని అందరూ పిలిచిన పూసపాటి విజయానంద గజపతిరాజు 1905లో పుట్టాడు. తండ్రి పోయాక గద్దె అన్నకు దక్కింది. తమ్ముడు కాశీలోని కుటుంబ ఎస్టేటుకు చేరి, అక్కడ మైదానం వేయించి, 1926లో సొంత జట్టు పెట్టుకున్నాడు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అంతటివాళ్లను ఇంగ్లండు నుంచి రప్పించి తన జట్టులో ఆడించాడు. కుర్రాడైన ముష్తాక్ అలీ కూడా ఆ జట్టులో ఆడినవాడే. ఢిల్లీలో కోట్లా మైదానానికి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరుతో పెవిలియన్ కట్టించి ఇచ్చాడు. ఆయనకు క్రికెట్ మీద ప్రేమ లేదని అనలేం. ఆటతో రానిది డబ్బుతో వస్తుందన్న నమ్మకం దగ్గరే చిక్కంతా వచ్చింది.

1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడినప్పుడు కూడా కెప్టెన్సీ రాజులదే. కానీ పోరుబందరు మహారాజు తన ఆట ఎంతటిదో తెలిసినవాడు. టెస్టు నాటికి తాను పక్కకు జరిగి సి.కె.ను ముందుకు పంపాడు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత జట్టును తొలిసారి మైదానంలోకి నడిపింది ఒక తెలుగువాడు. ఆ మొదటి ఇన్నింగ్స్‌లోనే ఇంగ్లండు వికెట్లు ఐదు పడగొట్టింది మహమ్మద్ నిసార్.

నాలుగేళ్లలో ఆ మర్యాద మాయమైంది. 1936 పర్యటనకు మొదట పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీ ఖాన్ పేరు అనుకున్నారు. ఆరోగ్యం బాగాలేదని ఆయన తప్పుకున్నాడు. తర్వాత ఓట్లు, రాయబారాలు నడిచాయి. విజ్జీ కెప్టెన్ అయ్యాడు. నలభై దాటిన సి.కె. ఆయన కింద ఆడవలసి వచ్చింది. జట్టు విజ్జీ వర్గం, సి.కె. వర్గం అని రెండుగా చీలింది. ఆ చీలిక గీత మతం గీత మీద పడలేదు.

అమర్‌నాథ్ సంగతి చూడండి. 1933 డిసెంబరులో బొంబాయిలో 118 పరుగులు చేసి, టెస్టుల్లో భారతదేశం తరఫున మొదటి సెంచరీ కొట్టినవాడు. ఇంగ్లండులోనూ ఆరు వందలకు పైగా పరుగులు, ముప్పైకి పైగా వికెట్లు అప్పటికే ఆయన ఖాతాలో ఉన్నాయి. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. ప్యాడ్లు కట్టుకొమ్మన్నారు, కట్టుకున్నాడు. కాని తన ముందు నుంచే ఒకరి తర్వాత ఒకరిని బ్యాటింగుకు పంపుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆనాటి ఆట ఇంకొద్ది నిమిషాల్లో ముగుస్తుందనగా పంపారు. తిరిగివచ్చి సామాను విసిరికొట్టి పంజాబీలో ఏదో గొణిగాడు. అదే నేరమైంది. కెప్టెన్ విజ్జీ, మేనేజరు మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి ఆయనను ఓడెక్కించి ఇంటికి పంపారు.

సిరిసిల్ల, జగిత్యాల జనానికి ఈ దృశ్యం కొత్తది కాదు. గడీ ముందు మనిషిని పొద్దంతా కూర్చోబెట్టేది పని ఉండి కాదు. కూర్చోబెట్టగలనని నలుగురికీ చూపించడానికి. విసుగుతో ఒక్క మాట జారితే దాన్ని పొగరు కింద లెక్కగట్టి శిక్ష వేయడానికి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు జైత్రయాత్ర తీసింది ఈ దొరతనం మీదనే. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర మాట కాదనడానికి ఎంత మూల్యం కట్టాలో ఈ నేలకు తెలుసు. మాంచెస్టర్‌లో జరిగిన రెండో టెస్టును ఈ తెలివితోనే చూడాలి.

జూలై 25న ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో ఆట మొదలైంది. మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 203 పరుగులకు అందరూ ఔటయ్యారు. ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 571 చేసి వదిలేసింది. 368 పరుగులు వెనకబడి రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టాలి. ముష్తాక్ అలీ, విజయ్ మర్చంట్ దిగాలి. అప్పుడు విజ్జీ ముష్తాక్‌ను పిలిచి మర్చంట్‌ను రనౌట్ చేయించమన్నాడని, ముష్తాక్ ఆ మాటను నేరుగా మర్చంట్ చెవినే వేశాడని క్రికెట్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. వాళ్లిద్దరూ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. మొదటి ఇన్నింగ్స్‌లో జట్టంతా కలిసి ఎన్ని చేసిందో అన్ని. ముష్తాక్ 112, మర్చంట్ 114. విదేశీ గడ్డ మీద టెస్టు సెంచరీ చేసిన మొదటి భారతీయుడు ముష్తాక్ అలీ. జూలై 27న ఆ ఒక్కరోజే రెండు జట్లు కలిసి 588 పరుగులు చేశాయి. టెస్టు క్రికెట్‌లో ఒక రోజు అన్ని పరుగులు రావడం మళ్లీ జరగలేదు. ఓడిపోతుందనుకున్న మ్యాచ్ డ్రా అయింది.

ఈ ఘట్టాన్ని హిందూ ముస్లిం భాయీ భాయీ బొమ్మగా గోడకు తగిలించి ఊరుకోవడం మాకిష్టం లేదు. ముష్తాక్‌కు అప్పటికి 21 ఏళ్లు. కెప్టెన్ మాట జవదాటితే ఏమవుతుందో నెల కిందటే అమర్‌నాథ్ విషయంలో చూశాడు. పైగా ఒకప్పుడు విజ్జీ జట్టులో ఆడినవాడు. ఉప్పు లెక్కన చూస్తే ఆయన చేసింది నమక్ హరామీ. ఆట లెక్కన చూస్తే అది ఇన్సాఫ్. ఉప్పుకు, ఇన్సాఫ్‌కు మధ్య ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే ఇన్సాఫ్‌ను ఎంచుకున్న 21 ఏళ్ల మనిషిగా ముష్తాక్‌ను మనం గుర్తుపెట్టుకోవాలి. ముస్లిం అయి ఉండి కూడా మంచివాడని మెచ్చుకునే ధోరణి ఉందే, అది ఆయనకూ అవమానమే, మనకూ అవమానమే.

ఎందుకంటే అదే జట్టులో బఖా జిలానీ కూడా ఉన్నాడు. జలంధర్ వాడు. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి హ్యాట్రిక్ ఆయనదే. ఆగస్టు 15న ఓవల్‌లో మొదలైన మూడో టెస్టులో ఆయనకు చోటు దొరికింది. నాష్టా బల్ల దగ్గర సి.కె.ను నలుగురిలో అవమానించినందుకు దక్కిన బహుమతి అది అని ఒక కథ ప్రచారంలో ఉంది. అదే ఆయన ఆడిన ఒకే ఒక్క టెస్టు. 1941లో, ముప్పై నిండకుండానే చనిపోయాడు. హ్యాట్రిక్ మరుగునపడింది, నాష్టా బల్ల కథ మిగిలింది. ఆ టెస్టులోనే సి.కె. ఒంటికి బంతి దెబ్బలు తింటూ 81 పరుగులు చేశాడు. ఆయనకూ అదే ఆఖరి టెస్టు.

ముష్తాక్ కాదన్నాడు. జిలానీ, ఆ కథ నిజమైతే, సరేనన్నాడు. ఇద్దరూ ముస్లింలే. మతం చూపించి ఇందులో ఏ ఒక్కరి నడతనూ వివరించలేం. దర్బారు ముందు ఒక్కొక్క మనిషి ఎట్లా నిలబడ్డాడన్నదే అక్కడి లెక్క. హిందువుల సంగతీ అంతే. అవమానించిన విజ్జీ, అవమానపడ్డ సి.కె., వెళ్లగొట్టబడ్డ అమర్‌నాథ్ ముగ్గురూ హిందువులే.

ఆ పర్యటనలో వెనక వరుసలో ఉండిపోయినవాళ్లను కూడా తలుచుకోవాలి. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఎస్.ఎం.హాది 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడినవాడు, డేవిస్ కప్ ఆటగాడు. 1934-35లో మద్రాసు మీద 132 నాటౌట్‌తో రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ చేసినవాడు. ఆయనకు టెస్టు ఆడే భాగ్యం కలగలేదు. మద్రాసు తెలుగువాడు కోట రామస్వామిని మొదటి టెస్టులో ఆడించలేదు. తర్వాతి రెండు టెస్టుల్లో, నలభై ఏళ్ల వయసులో, ఆయన నాలుగు ఇన్నింగ్స్‌లో 170 పరుగులు చేశాడు. మూడు టెస్టులూ ఆడిన కెప్టెన్ మొత్తం పరుగులు 33. పర్యటన నడుస్తుండగానే కెప్టెన్‌కు బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

తిరిగి వచ్చాక గొడవ బోర్డుకెక్కింది. అప్పటి బోర్డు అధ్యక్షుడు భోపాల్ నవాబు హమీదుల్లా ఖాన్. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ ఆధ్వర్యంలోని కమిటీ విచారణ జరిపి 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమర్‌నాథ్ తప్పు లేదంది. కెప్టెన్‌కు ఫీల్డర్లను నిలబెట్టడం, బౌలర్లను మార్చడం తెలియదనీ, బ్యాటింగ్ వరుసకు ఒక పద్ధతి లేదనీ, మంచి ఆటగాళ్లను వారాల తరబడి ఊరికే కూర్చోబెట్టాడనీ తేల్చింది. ఒక ఓటమిని విచారించే పద్ధతి ఇదీ. ఎవరు ఏ పని సరిగా చేయలేదని అడిగారు. ఎవరి మనసు ఏ దేశంలో ఉందని అడగలేదు.

తర్వాత పదేళ్లకు దేశం చీలింది. 1936 జట్టు కూడా చీలింది. నిసార్, జహంగీర్ ఖాన్, దిలావర్ హుసేన్, వజీర్ అలీ, అమీర్ ఇలాహీ పాకిస్తాన్‌కు చెందినవాళ్లయ్యారు. ముష్తాక్ అలీ ఇండోర్‌లోనే ఉండి 2005లో అక్కడే కన్నుమూశాడు. 1952లో రెండు దేశాల మధ్య మొదటి టెస్టు ఢిల్లీ కోట్లాలో జరిగినప్పుడు భారత కెప్టెన్ అమర్‌నాథ్. అవతలి జట్టులో అమీర్ ఇలాహీ. ఆ మ్యాచ్‌లో హైదరాబాద్ గులాం అహ్మద్ 50 పరుగులు చేసి, హేము అధికారితో కలిసి ఆఖరి వికెట్‌కు 109 జోడించాడు. భారత్ గెలిచింది.

ఇప్పుడు అసలు పోలిక చూద్దాం. 1936 తర్వాత విజ్జీ ఏమయ్యాడు? 1947లో సర్ బిరుదు తిరిగి ఇచ్చేశాడు. 1950లలో క్రికెట్ బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. 1958లో పద్మభూషణ్ వచ్చింది. 1960లలో విశాఖపట్నం నుంచి లోక్‌సభలో కూర్చున్నాడు. యూనివర్సిటీ జట్ల పోటీకి ఆయన పేరుతో ట్రోఫీ ఉంది. దేశం ఆయన ఓటమిని క్షమించింది, నవ్వుకుంది, మరిచిపోయింది. మాకు దాని మీద కోపం లేదు. మనుషులను అట్లాగే క్షమించాలి.

అదే ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో 1959లో మరో కుర్రాడు దిగాడు. హైదరాబాద్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న అబ్బాస్ అలీ బేగ్. ఇరవై ఏళ్లు. మొదటి టెస్టులోనే 112 పరుగులు. ముష్తాక్ చేసినన్నే, ముష్తాక్ చేసిన మైదానంలోనే. దేశం నెత్తిన పెట్టుకుంది. మరుసటి ఏడాది పాకిస్తాన్ జట్టు వచ్చింది. 1960-61 సిరీస్‌లో బేగ్ మూడు టెస్టులు ఆడి విఫలమయ్యాడు. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ డ్రాగానే ముగిశాయి. బేగ్ వల్ల దేశం ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అయినా ముస్లిం కనుకనే పాకిస్తాన్ మీద కావాలని ఆడలేదన్నారు. ద్వేషం నిండిన ఉత్తరాలు వచ్చాయి. జట్టులోంచి తీసేశారు. మళ్లీ టెస్టు ఆడటానికి 1966 దాకా ఆగవలసి వచ్చింది. మూడు టెస్టుల్లో విఫలమైన రాజుకు పదవులు వచ్చాయి. మూడు టెస్టుల్లో విఫలమైన ముస్లిం కుర్రాడికి షక్ మిగిలింది. తరాజు తయారైంది ఇక్కడ. విజ్జీ ఓటమి విజ్జీది. బేగ్ ఓటమి మనందరిదీ.

ఆ తర్వాతి చరిత్ర మనం కళ్లారా చూసిందే. 1991లో పాకిస్తాన్ జట్టు రాకుండా శివసేన వాళ్లు బొంబాయి వాంఖడే పిచ్ తవ్వారు. 1999లో ఢిల్లీ కోట్లా పిచ్ తవ్వారు. అదే నెలలో చెన్నైలో పాకిస్తాన్ గెలిస్తే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు మన సెక్యులర్ మిత్రులు గుర్తుపెట్టుకోవలసినవి. 2021 అక్టోబరులో దుబాయిలో పాకిస్తాన్ పది వికెట్లతో గెలిచింది. అంటే మన బౌలర్లలో ఏ ఒక్కరికీ వికెట్ దక్కలేదు. తిట్లు మాత్రం మహమ్మద్ షమీని ఏరుకుని పడ్డాయి. ఆనాటి కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగంగా షమీ వైపు నిలబడ్డాడు. ఓవల్‌లో 1936లో జిలానీ తన ఒకే టెస్టు ఆడాడు. 2025 ఆగస్టులో అదే ఓవల్‌లో హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ ఐదు వికెట్లు తీసి ఆరు పరుగుల తేడాతో దేశాన్ని గెలిపించాడు. ఆనాడు అందరూ పొగిడారు. పొగిడిననాడు పరీక్ష ఉండదు. పరీక్ష క్యాచ్ జారిననాడు ఉంటుంది.

ఆటలోకి రాజకీయం తేవద్దని మిత్రులు కొందరంటారు. మంచి మాటే. కానీ రాజకీయం ఆటలో లేని రోజు ఏది? 1936లో దర్బారు రాజకీయం, బొంబాయిలో మతాల జట్లు, బాలూ మీద కుల రాజకీయం. వాటిని చూడనివాళ్లకు ముస్లిం నోరు విప్పినప్పుడే రాజకీయం కనబడటం చిత్రం. మనవాళ్లతో కూడా ఒక మాట చెప్పాలి. అజహరుద్దీన్ కెప్టెన్‌గా గెలిచిన రోజుల్లో ఆ గెలుపును కౌమ్ గెలుపుగా చెప్పుకున్నవాళ్లు మనలో ఉన్నారు. ఆ సంతోషం అర్థమవుతుంది. కానీ ఒక మనిషి గెలుపును కౌమ్ ఖాతాలో రాసుకుంటే అతని ఓటమిని కౌమ్ మీద రుద్దేవాళ్ల లెక్కను మనమే ఒప్పుకున్నట్లవుతుంది. గెలుపు సిరాజ్‌ది. ఓటమి వస్తే అదీ సిరాజ్‌దే.

మేము కోరేది పెద్దదేమీ కాదు. తెలుగువాళ్ల క్రికెట్ చరిత్ర రాసేటప్పుడు సి.కె., విజ్జీల పక్కన హాది పేరు, గులాం అహ్మద్ పేరు, బేగ్ పేరు రాయండి. రాసేటప్పుడు వాళ్ల సెంచరీలతో పాటు వాళ్ల సున్నాలు కూడా రాయండి. ఒక రాజు మూడు టెస్టుల్లో 33 పరుగులు చేసి ఈ దేశంవాడిగానే మిగిలాడు. సిరిసిల్ల సాంచాల గల్లీలో బ్యాటు పట్టిన ఇస్మాయిల్‌కో, ఇబ్రహీంకో కూడా సున్నాకు ఔటై, తలొంచుకుని ఇంటికి నడిచి, మర్నాడు మళ్లీ అదే జాగాలో ఆడుకునే హక్కు ఉండాలి. గెలిస్తే దొరికే పౌరసత్వం పౌరసత్వం కాదు. ఓడినా పోనిదే పౌరసత్వం.